వాపసుకు పనికిరాని కుక్కపిల్ల

మానవజాతి ఇంతకాలం పడ్డ పాట్లన్నిటి సారం చివరికి ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: కొన్న పద్నాలుగు రోజుల్లోపు వస్తువును వాపసు ఇవ్వవచ్చు. రాజ్యాలు పోయినా, చట్టాలు మారినా ఈ వాక్యం చెక్కుచెదరదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో నలభై వాక్యాలుంటాయి. ఆ పని ఎలా జరగకుండా చూసుకోవాలో అవి చెబుతాయి.

ఆ నలభై వాక్యాలకు పంతొమ్మిదేళ్ళు కాపలా కాసిన మనిషికి జరిగిన సంగతి ఇది. ఇంటి సామాన్లు తయారుచేసే కంపెనీలో, వాపసుల విభాగంలో ఆయన పరిశీలకుడు. జనం సంచిలో పెట్టుకొచ్చిన మిక్సీలను, ఇస్త్రీపెట్టెలను లైటు కింద తిప్పి తిప్పి చూసి, 'వాడకం వల్ల జరిగిన నష్టం' అని ముద్ర కొట్టడం ఆయన పని. మూత మీద సన్నని గీత గానీ, తీగలో చిన్న మడత గానీ ఆయన కంటపడకుండా తప్పించుకున్నది లేదు. అలాగని చెడ్డవారు కాదు. ముద్ర కొట్టాక 'ఏమీ అనుకోకండి' అనేవారు (నిబంధనల్లో ఆ మాట లేదు, ఆయన సొంతంగా చేర్చుకున్నది).

ఎనిమిదేళ్ళ కూతురు రెండేళ్ళ నుంచీ కుక్కపిల్ల కావాలని ప్రాణం తీస్తోంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే భార్య చూసి చూసి, గుర్తింపు ఉన్న ఒక పెంపక సంస్థ యాప్‌లో గోల్డెన్ రిట్రీవర్ పిల్లకు పేరు నమోదు చేసింది. దాని తల్లి ఫొటో, తండ్రి ఫొటో వచ్చాయి, ఇద్దరి మెడల్లోనూ పతకాలు. మూడు వారాల తర్వాత ఒక ఉదయం బండి ఆగింది. బోనులోంచి గోధుమరంగు ముద్ద ఒకటి దొర్లుకుంటూ బయటికొచ్చి, పరిశీలకుడుగారి పాదాల మీద పడుకుని అక్కడే నిద్రపోయింది. ఆ చలికాలం ఉదయం పాదాలు వెచ్చబడేసరికి ఆయన కదలలేదు. కూతురు దానికి 'దుప్పటి' అని పేరు పెట్టింది.

పిల్లతోపాటు ముప్ఫై ఎనిమిది పేజీల స్వాగత పుస్తకం కూడా దిగింది. మొదటి పేజీలో అభినందనలు. రెండో పేజీ నుంచి జబ్బులు. ఈ జాతికి తుంటి కీలు సరిగా కుదరకపోవచ్చు. మోచేతులు పట్టేయవచ్చు. కళ్ళలో పొర కమ్మవచ్చు. చెవులకు చీము పట్టవచ్చు, చర్మం దురద పెట్టవచ్చు, థైరాయిడ్ మందగించవచ్చు, తిండి మీద అదుపు లేక ఒళ్ళు పెరగవచ్చు. నడివయసు దాటాక క్యాన్సర్ మాట కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి జబ్బు కిందా 'సంస్థ బాధ్యత వహించదు' అని ఉంది. ఒక్క గుండె కింద మాత్రం లేదు. 'దృఢహృదయ వంశం' అన్నది సంస్థ నినాదం కాబట్టి, గుండెలో లోపం కనిపిస్తే పాతది తీసుకుని కొత్త పిల్లనిస్తారు.

భార్య ఇదంతా పైకి చదువుతుంటే ఆమె తల్లి మంచం మీద కూర్చుని శ్రద్ధగా విన్నది.

"తుంటి, కళ్ళు, థైరాయిడ్, బరువు... ఆగవే. నువ్వు చదువుతున్నది దానిదా, నాదా?" అన్నది.

"దానిదేనమ్మా."

"పోనీలే. ఈ ఇంట్లో నాకూ ఒక తోడు దొరికింది."

ఆ రోజు నుంచి పెద్దావిడ, దుప్పటి ఒకే వేళకు, కొలిచిన తిండి తిన్నారు. నున్నటి నేల మీద కాళ్ళు జారి తుంటి పాడవకుండా భార్య ఇల్లంతా గరుకు పట్టాలు పరిచింది. పట్టాలను దుప్పటి కొరికింది.

ఐదో రోజు పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమె స్టెతస్కోపు పెట్టి, ఎంతసేపటికీ తీయలేదు.

"గుండెలో చిన్న చప్పుడుంది" అన్నది చివరికి.

"గుండె అన్నాక చప్పుడుండదా ఆంటీ?" అడిగింది కూతురు.

"ఉండాల్సింది ఉందమ్మా. ఇంకోటి కూడా ఉంది." పరిశీలకుడుగారి వైపు తిరిగింది. "పిల్లల్లో ఒక్కోసారి దానంతటదే పోతుందండీ. కానీ ఈ జాతిలో గుండె నుంచి రక్తం బయటికెళ్ళే దారి ఇరుకుగా ఉండటం అరుదేం కాదు. స్కానింగ్ చేస్తేగానీ చెప్పలేం. అందాకా బాగా పరిగెత్తించకండి."

ఆ మాటే ఆమె కంప్యూటర్లోకి ఎక్కించింది. ఆ కంప్యూటరు సంస్థకు ముడిపడి ఉందని ఆమెకూ తెలియదు. మీట మీద నుంచి ఆమె వేలు ఇంకా లేవనే లేదు, పరిశీలకుడుగారి ఫోను మోగింది: 'చింతిస్తున్నాం. మీ వస్తువులో లోపం గుర్తించడమైనది. ఎల్లుండి ఉదయం పది, మధ్యాహ్నం రెండు గంటల మధ్య మా ప్రతినిధి వచ్చి పాతది తీసుకుని కొత్తది ఇస్తారు. వస్తువును శుభ్రంగా ఉంచగలరు.'

"పాతది అంటే ఏంటి నాన్నా?" అడిగింది కూతురు. ఆ వస్తువు వయసు తొమ్మిది వారాలు.

ఇంటికొచ్చి ఆయన సంస్థకు ఫోన్ చేశారు. అవతల తేనెలాంటి గొంతు.

"సర్, మీరు చాలా అదృష్టవంతులు. వాపసు దానంతటదే ఆమోదం పొందింది."

"మాకు వాపసు వద్దండీ. ఇదే ఉంచుకుంటాం."

అవతల ఏవో మీటలు నొక్కిన చప్పుడు.

"సర్, లోపం ఉన్నదే కావాలనడానికి మా దగ్గర ఆప్షన్ లేదు. వాపసు రద్దు చేయాలంటే నాలుగు కారణాలే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు, చిరునామా మారింది, వస్తువు పోయింది, వస్తువు చచ్చిపోయింది. ఏది పెట్టమంటారు?"

"ఇష్టం అని పెట్టలేరా?"

"ఇష్టం ఐదు నక్షత్రాల కిందికి వస్తుంది సర్. అది వేరే పేజీ."

"సరే. తీసుకెళ్ళినవాటిని ఏం చేస్తారు?"

"వాటికి వేరే విభాగం ఉంది సర్."

"ఆ విభాగం నంబరివ్వండి."

"వాళ్ళకు ఫోన్ ఉండదు సర్."

ఫోన్ పెట్టేసి ఆయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ లేని విభాగం ఒకటి ఆయన కంపెనీలోనూ ఉంది. వెనక రేకుల షెడ్డు. అందులో నలగ్గొట్టే యంత్రం ఉందని విన్నారు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అటు వెళ్ళి చూడలేదు, చూడాల్సిన అవసరం పడలేదు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. "ఏవండీ, ఇన్నేళ్ళూ ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డా ఒక్క వస్తువూ వాపసు తీసుకోలేదు కదా మీరు. ఆ విద్యేదో ఇప్పుడు చూపించండి."

ఆయన మెల్లగా లేచి స్వాగత పుస్తకం అందుకున్నారు. చిన్న అక్షరాల పేజీ తీశారు. అలవాటైన వీధిలోకి వచ్చినట్టుంది. ముప్ఫై ఒకటో షరతు దగ్గర ఆయన వేలు ఆగింది: 'కొనుగోలుదారు వాడకం వల్ల నష్టం జరిగినచో వాపసు చెల్లదు.'

చెప్పిన రోజునే ప్రతినిధి పదకొండు గంటలకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో ఖాళీ బోను, చంకలో ఫారాల అట్ట. బయట బండిలోంచి ఇంకో సన్నటి గొంతు కుయ్ కుయ్ మంటోంది. కూతురు కిటికీ వైపు చూడలేదు. దుప్పటిని రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చుంది.

"వాపసు చెల్లదండీ" అన్నారు పరిశీలకుడుగారు. "మా వాడకం వల్ల వస్తువు పాడైంది. చూడండి, ఎడమ చెవి దగ్గర జుట్టు లేదు. మా అమ్మాయి కత్తిరించింది."

ప్రతినిధి చెవి ఎత్తి చూసి రాసుకున్నాడు. ఫారంలో కుక్కపిల్ల పేరుకు బదులుగా ఉన్న పదకొండంకెల సంఖ్యను పైకి చదివాడు. కుక్కపిల్ల తల తిప్పలేదు. కూతురు 'దుప్పటీ' అనగానే తోక మొదలుకొని ఒళ్ళంతా ఊపింది.

"మూల సంఖ్యకు స్పందన లేదు" అని రాసుకున్నాడు.

"నేను కూడా పాడుచేశాను బాబూ" అన్నది పెద్దావిడ. "రోజంతా ఒళ్ళోనే. కిందికి దింపితే ఏడుపు."

"అది నష్టం కిందికి రాదమ్మా."

ఇంతలో దుప్పటి కూతురి చేతుల్లోంచి జారి, నడిచి వెళ్ళి ప్రతినిధి బూటు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. అతను కాలు కదపకుండానే ఇంకో కాగితం తిప్పాడు.

"సర్, ఇవన్నీ పైపై నష్టాలు. గుండె లోపం పుట్టుకతో వచ్చింది. దానికి వాపసు తప్పదు."

పరిశీలకుడుగారు భార్య వైపు చూశారు. జీవితంలో ఎందరి మీదో రాశారు 'వాడకం వల్ల నష్టం' అన్న మాట, తన మీద తాను రాయించుకోవడం ఇదే మొదలు.

"పుట్టుకతో కాదండీ. మా వల్లే" అన్నారు. "మెట్ల మీద పరిగెత్తించాం. వచ్చిన రోజు నుంచీ."

"పుస్తకం పన్నెండో పేజీలో వద్దని ఉంది."

"చదివాం. చదివే పరిగెత్తించాం."

ప్రతినిధి తలెత్తి ఇల్లంతా చూశాడు. ముందు గది, వెనక వంటగది, పక్కన పడకగది. అన్నీ ఒక్క మట్టంలో, కొరికిన పట్టాలతో ఉన్నాయి. గడప తప్ప ఆ ఇంట్లో కాలెత్తి వేయాల్సిన చోటు లేదు. చాలాసేపు చూశాక కలం మూత తీశాడు.

"ఎన్ని మెట్లు?"

"పద్నాలుగు" అన్నారు పరిశీలకుడుగారు.

"పద్నాలుగు" అని రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టించుకుని, బూటును దుప్పటి గడ్డం కింద నుంచి జాగ్రత్తగా లాక్కుని, ఖాళీ బోనుతో వెళ్ళిపోయాడు. బండి మలుపు తిరిగేదాకా ఆ సన్నటి గొంతు వినిపించింది. అప్పుడు ఏడ్చింది కూతురు.

స్కానింగులో దారి కొంచెం ఇరుకుగానే ఉందని తేలింది. మందులు అక్కర్లేదు, ఆరునెలలకోసారి చూపించాలి, నడవొచ్చు గానీ దౌడు తీయకూడదు. దుప్పటికి దౌడు మీద ముందునుంచీ పెద్ద ఆసక్తి లేదు. పెద్దావిడతో కలిసి సందు చివరిదాకా వెళ్ళి, ఇద్దరూ ఆయాసం తీర్చుకుని, తిరిగి వస్తారు. ఆ వారమే పరిశీలకుడుగారి బల్ల ముందు ఒక ముసలాయన మిక్సీ పెట్టి, తొలి రోజు నుంచే తిరగలేదని ప్రాధేయపడ్డాడు. ఆయన లైటు కింద తిప్పి చూసి ముద్ర కొట్టారు (కుక్కకూ మిక్సీకీ తేడా తెలియని మనిషి కాదు).

ఏడాది చివర సంస్థ తన దగ్గర కుక్కల్ని కొన్న కుటుంబాలన్నిటికీ నాణ్యత నివేదిక పంపింది. అట్ట మీద దుప్పటి తల్లిదండ్రులు, మెడల్లో కొత్త పతకాలతో. అదే జంటకు ఇంకో కాన్పు రానున్నది, పేర్లు నమోదు చేసుకోవచ్చు. భార్య చివరి పేజీలో ఉన్న పట్టికను పైకి చదివింది.

'ఈ ఏడాది పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు: సున్నా. ఇళ్ళలో మెట్ల వల్ల చెడిన గుండెలు: నూట పన్నెండు.'