సన్నెమ్మ వంతు

చదివేవారికి ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు పుట్టాక. ఒత్తులు ఒకచోట పెట్టాల్సినవి ఇంకోచోట పెడతాను. ఒక కాగితం నింపడానికి నాకు చాలా రోజులు పడుతుంది. తప్పులు మీరు సర్దుకోండి, కథ సంగతి నేను చూసుకుంటాను.

నీలంపేట పదకొండో వార్డులో రేపు ఏం జరగాలో ఈరోజు సాయంత్రమే వార్డు ఆఫీసు బల్ల చుట్టూ కూర్చుని చెప్పుకుంటారు, మర్నాడు అదే జరుగుతుంది. చెప్పడానికి ప్రభుత్వం సుందరశివరావు గారనే కథాధికారిని వేసింది. కుళాయి ఎప్పుడొస్తుంది, ఎవరి మేక తప్పిపోతుంది, ఎవరి జ్వరం దిగుతుంది, అన్నీ ఆయనే చెబుతారు. వార్డువాళ్లు చేయాల్సిందల్లా ప్రతి వాక్యం చివర "ఊఁ" అనడం. ఊఁ పడని వాక్యం చెల్లదు. ఒక వానాకాలం జలుబుచేసి అందరి గొంతులూ పూడుకుపోయాయి, ఎవరూ ఊఁ అనలేకపోయారు. మర్నాడు వార్డులో ఏమీ జరగలేదు. పొయ్యిమీద పాలు కాగకుండా, విరగకుండా అలాగే ఉండిపోయాయి. అప్పటినుంచి ఆఫీసువాళ్లే అందరికీ మిరియాల కషాయం పోస్తున్నారు.

ఆ వార్డులో గొర్లె సన్నెమ్మ గాజులమ్ముకుని బతికేది. మొగుడు పోయాక, తోడికోడలు గంగులమ్మతో కలిసి అతను కట్టిన ఇంట్లోనే ఉంటోంది. ఆ ఇల్లు తప్ప ఇద్దరికీ ఇంకేమీ లేదు.

ఒక సాయంత్రం కథాధికారి గొంతు సవరించుకున్నారు. "మీరు ఈ బల్ల దగ్గరికి సులువుగా రావడానికి ఒక రోడ్డు పడుతుంది" అన్నారు. అందరూ ఊఁ అన్నారు. "ఆ రోడ్డు వంకర లేకుండా తిన్నగా ఉంటుంది." ఊఁ. "దారిలో ఉన్నవాటిని తొలగించడానికి బుల్డోజరు బయలుదేరుతుంది." ఊఁ అనేశాక గంగులమ్మ లెక్కచూసుకుంది. తిన్నగా పడే రోడ్డుకి ఈ వార్డులో అడ్డం వచ్చేది ఒక్కటే, తమ ఇల్లు.

"నువ్వూ ఊఁ అన్నావేటి అక్కా?"

"రోడ్డు అంటే అన్నాను."

"రోడ్డు గాల్లో ఏస్తారనుకున్నావా?"

"నువ్వు మాత్రం అనలేదా?"

"నువ్వన్నావని అన్నాను."

ఊఁ పడిన మాటను కాదనడానికి లేదు. అది పాత నియమం. అయితే ఆ వారమే పై నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. చెప్పే అధికారం ఇకమీదట కథాధికారిది మాత్రమే కాదు, ప్రజలకూ వాటా ఉంటుంది. ఎవరి ఇంటి సంగతి వస్తే వంతు వారిది. జరిగినదాన్ని వెనక్కి తిప్పకూడదు, ముందుకు నడపొచ్చు. కథాధికారి ఆ ఉత్తర్వు చదివి వినిపించి, తన కుర్చీ సన్నెమ్మ వైపు జరిపారు.

"కూర్చోండమ్మా. బుల్డోజరు మీ వీధి మలుపుకి వచ్చింది. తర్వాతేమైందో మీరే చెప్పండి."

సన్నెమ్మ కుర్చీ అంచున కూర్చుంది. జీవితంలో ఆమె కూర్చున్నవన్నీ గడపలే, కుర్చీ కాదు. కాసేపు ఆలోచించి చెప్పింది. "ఎండ మండిపోతోంది. డ్రైవరుకి దాహమేసింది. మా గుమ్మం ముందు ఆగి మజ్జిగ అడిగాడు."

కథాధికారి నవ్వారు. "ప్రభుత్వ డ్రైవరు దారిలో ఆగుతాడా అన్నది సందేహం. గవ్వలు వేద్దాం."

సందేహం వస్తే గవ్వలు వేయడం ఆఫీసు పద్ధతి. నాలుగూ వెల్లకిలా పడి చెమ్మా అయినా, నాలుగూ బోర్లాపడి అష్టా అయినా చెప్పినవాళ్ల మాట నిలుస్తుంది. సన్నెమ్మ కళ్లు మూసుకుని వేసింది. అష్టా పడింది. వార్డు మొత్తం ఊఁ అని అరిచింది. సోడాబడ్డీ కామునాయుడు బల్లమీద ఒక చరుపు చరిచి, "మా సన్నెమ్మప్పతో పెట్టుకోకండి సార్!" అన్నాడు.

మర్నాడు బుల్డోజరు వచ్చింది. డ్రైవరుకి దాహమేసింది. మజ్జిగ తాగుతూ అరుగుమీద కూర్చుండిపోయాడు. చెప్పినదానికి మించి అతను ఏమీ చేయడానికి లేదు.

ఆ సాయంత్రం మళ్లీ సన్నెమ్మ వంతే. డ్రైవరు ఇంకో గ్లాసు అడిగాడంది. ఆ పై రోజు, మజ్జిగలో కరివేపాకు బాగుందని మెచ్చుకున్నాడంది. తర్వాత అతనికి కునుకు పట్టింది. తర్వాత మెలకువ వచ్చి మళ్లీ దాహమేసింది. ప్రతి మాటకీ ఊఁ పడుతూనే ఉంది గాని రానురానూ పలచబడుతోంది. డ్రైవరు పొట్ట ఉబ్బిపోయి అరుగుమీద దండం పెడుతున్నాడు. గంగులమ్మ వాడంతా తిరిగి పెరుగు అడుక్కొస్తోంది.

ఒక సాయంత్రం సన్నెమ్మ "డ్రైవరు గ్లాసు చాపాడు" అనగానే బల్ల దగ్గర ఒక్క గొంతూ లేవలేదు.

"ఎంతసేపప్పా ఆ మజ్జిగ?" అన్నాడు కామునాయుడు. "ఇంటికెళ్తే మా ఆవిడ ఏమైంది ఏమైంది అని పేనం తీసేస్తంది. మజ్జిగే అంటే నమ్మడం లేదు."

"కథన్నాక కదలాలి కదమ్మా" అంది వెనకనుంచి ఒకావిడ. ఆమె చేతులనిండా సన్నెమ్మ తొడిగిన గాజులే.

"నీ ఇల్లయితే అలాగే కదుల్తావేటే?" అని గంగులమ్మ లేచింది.

"మా ఇల్లు ఎవరు చెప్పుకుంటారు పిన్నీ, అది మూలనుంది. మీదంటే అందరూ ఇంటున్నారు."

కథాధికారి కలగజేసుకోలేదు. కొత్త ఉత్తర్వు ప్రకారం ఆయన మధ్యలో మాట్లాడకూడదు. కషాయం గ్లాసు సన్నెమ్మ ముందుకి జరిపి, "తొందర లేదమ్మా. ఆ డ్రైవరు కూర్చున్న అరుగు ఎలా ఉంటుందో చెప్పండి, చాలు" అన్నారు మెల్లగా.

అరుగు గురించి చెప్పడంలో ప్రమాదమేముంది? సన్నెమ్మ చెప్పింది. ఎర్రమట్టి అరుగు, అంచున చేతివేళ్ల గీతలు, అవి మొగుడివి. ఊఁ. అరుగు దాటితే గుమ్మం, తలవంచకపోతే తగులుతుంది, పెళ్లికొచ్చిన తాసిల్దారుకీ తగిలింది. ఊఁ, నవ్వులు. లోపల తాటిదూలం, దానికి గాజులు గుచ్చిన మలారం వేలాడదీసే మేకు. వానొస్తే ఏ మూల ఏ గిన్నె పెట్టాలో గంగులమ్మకి కళ్లు మూసుకున్నా తెలుసు. పడమటి గోడకి కిటికీ, మూతపడిన రైసుమిల్లులో కొని మొగుడు భుజాన మోసుకొచ్చాడు. ఊఁ అనే గొంతులు చిక్కబడుతున్నాయి. కుర్చీలు ముందుకి జరుగుతున్నాయి. ఇన్నేళ్లలో ఆ వార్డు తన మాట ఇంత శ్రద్ధగా వినడం సన్నెమ్మ ఎన్నడూ ఎరగదు.

గాజులు తొడిగేటప్పుడు ఆమె చేసే పనే అది. మాటల్లో పెట్టి, చేయి మెత్తబడే వేళ చూసి, మెటికల మీదుగా గాజు ఎక్కించేస్తుంది. నొప్పి తెలిసేసరికి గాజు మణికట్టు దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఎక్కుతున్నది తన చేతికే అని ఆమెకి తెలిసింది. ఆపేద్దామనుకుంది. ఆపితే వాక్యం సగంలో ఉంటుంది, జనం ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"తర్వాత?" అన్నాడు కామునాయుడు, దాదాపు గుసగుసగా.

"తర్వాత డ్రైవరు గ్లాసు బోర్లించాడు" అంది సన్నెమ్మ.

ఊఁ.

"ముందు అరుగు. తర్వాత గుమ్మం. దూలం విరగలేదు, వంగి, పెద్దమనిషిలా పక్కకి ఒరిగింది. గోడలు కూర్చున్నాయి. కిటికీ ఒక్కటే కాసేపు నిలబడింది, చుట్టూ ఏమీ లేకుండా. అందులోంచి అవతలి వీధి కనబడింది. ఆఖర్న అదీ పడింది."

దానికి పడినంత ఊఁ అంతకుముందు వార్డులో ఏ మాటకీ పడలేదు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. కామునాయుడు వచ్చి ఆమె కాళ్లకి మొక్కాడు. గంగులమ్మ నోరు విప్పకపోయినా ఆమె గొంతులోంచీ ఊఁ వచ్చిందని పక్కనున్నవాళ్లు చెప్పారు.

కథాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. అందరూ గమనించాలి" అన్నారు. అందరూ గమనించారు.

"ఇదేటక్కా ఇలా చేశావు?" అంది గంగులమ్మ, దారిలో.

"చెడగొట్టి చెప్పమంటావా?"

గంగులమ్మ ఇంటికెళ్లి గిన్నెలు మూటకట్టడం మొదలుపెట్టింది.

పొద్దున్నే వార్డంతా చేరింది. డ్రైవరు గ్లాసు బోర్లించాడు. అరుగు పోయింది, గుమ్మం పోయింది, దూలం చెప్పినట్టే ఒరిగింది. ప్రతిదానికీ జనం తలలూపారు. గంగులమ్మ గిన్నెలమూట పట్టుకుని రోడ్డు పడబోయే చోట నిలబడింది. గోడలు కూర్చునేసరికి రేగిన దుమ్ములో డ్రైవరుకి ఏమీ కనబడలేదు. బుల్డోజరు పళ్లు కిటికీకి తగలబోయాయి.

"ఆగు నాయనా!" అని అరిచింది సన్నెమ్మ.

డ్రైవరు ఆపాడు. జనం ఆమె వైపు తిరిగారు. గంగులమ్మ చేతిలో మూట జారింది.

సన్నెమ్మ చెంగుతో ముక్కు మూసుకుని, దుమ్ములోకి నాలుగడుగులు వేసి, యంత్రం పక్కన నిలబడింది. "అప్పుడే కాదు. అది కాసేపు నిలబడాలి. దుమ్ము తగ్గనీ, అవతలి వీధి అందరికీ కనబడనీ."

దుమ్ము తగ్గింది. అవతలి వీధి కనబడింది. జనం తృప్తిగా చూశారు.

"ఇప్పుడా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు" అంది సన్నెమ్మ.

— బొడ్డు అప్పలనర్సమ్మ, వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉంటున్నది నీలంపేట అవతల, రోడ్డుకి ఇళ్లిచ్చినవాళ్ల కొత్త కాలనీలో.