యోవానా ఉల్లిగడ్డల సమరము

ఆలకింపుడు పండితులారా, పామరులారా! మబ్బులు తలకు తగులునంత ఎత్తున, టిటికాకా సరోవరతీరమున, పూనో పట్టణమున, ఫిబ్రవరి వానలు బడి రేకులపై భేరీనాదము సేయుచుండ, కాందెలారియా మాత ఉత్సవమునకై వీధివీధినా బాకాలు మ్రోగుచుండ, రసాయనశాస్త్రమున తప్పి మరల పరీక్షకు వచ్చిన పదునైదేండ్ల వీరబాల, ఉల్లిగడ్డలమ్ము సతుర్నీనా కూతురు, యోవానా చంబిల్యా, భుజమున ఉల్లిగడ్డల సంచి దాల్చి తరగతిగదిలో అడుగిడెను. గెలిచిన, ఆదివారమునాటి దయ్యాల నృత్యమున ఎర్రబూట్లతో గంతులిడును. ఓడిన, ఆ బూట్లు తల్లి పెట్టెలో తాళము క్రింద మ్రగ్గును. నవ్వకుడు, పిల్ల ప్రాణమంతయు ఆ బూట్లలోనే యున్నది!

ఎదుట స్థూలోపనేత్రధారి, శూన్యాంకప్రదానదీక్షాదక్షుడు, పిల్లల నోట 'ప్రొఫే' యనబడు ఎర్మోహెనెస్ పిల్కో ఉపాధ్యాయుడు ఆసీనుడై యుండెను.

"పరమాణువుల్ని తెచ్చావా?"

"తెచ్చాను ప్రొఫే. మా అమ్మ కొట్లోవే."

"సోడియం నుంచి క్లోరిన్ దాకా వరసగా పెట్టు."

ఎలక్ట్రానులు పెరుగుచున్నవి గదా, సరుకు పెరిగిన సంచి ఉబ్బవలెనను బజారుధర్మము ననుసరించి, ఆమె చిన్నగడ్డను మొదటను పెద్దగడ్డను కడపటను నిలిపెను. అయ్యో, పప్పులో కాలు!

"అన్నిటికీ పొరలెన్ని?"

"మూడే, ప్రొఫే."

"మరి మధ్యలో కూర్చుని లోపలికి లాగే ప్రోటాన్లు?"

"పెరుగుతూ పోతాయి... ఓహో! పొరలు అవే, లాగుడు ఎక్కువ. కుంచించుకుపోతాయి!"

"ఏడాదంతా నిద్రపోయావా తల్లీ?"

మెరుపువేగమున గడ్డలు తారుమారయ్యెను. సోడియము స్థూలకాయమై మొదటను, క్లోరిను కృశాంగియై తుదను నిలిచెను.

"సోడియం ఒక ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేసింది. ఇప్పుడు?"

యోవానా ఖడ్గసమానమగు చాకు దూసి సోడియమునుండి సన్నని చెక్క కోసెను. "పదకొండులో ఒకటి పోయింది. ఇంతేగా?"

"ఆ పోయినది ఎక్కడుండేది?"

"మూడో పొరలో."

"తోడెవరు?"

"ఎవరూ లేరు. ఒక్కతే... అయితే పొర పొరంతా గల్లంతే!"

అనుచు పైపొరను సమూలముగా ఒలిచి పారవేసెను. ఆ ఘాటునకు గురుశిష్యసమూహమెల్ల బొటబొట కన్నీరు గార్చెను.

"క్లోరిన్‌కి కొత్త పొర రాలేదు ప్రొఫే," అని ముక్కు చీదుచు వీరబాల గర్జించెను. "ఉన్న పొరలోకే ఎనిమిదోది దూరింది. లాగేవాళ్ళు మాత్రం పెరగలేదు. ఇక ఒకదాన్నొకటి మోచేతులతో తోసుకుంటాయి, ఉబ్బిపోతుంది!" అని చిన్నగడ్డను తీసి, దాని స్థానమున గుమ్మడియంత గడ్డను దభాలున ప్రతిష్ఠించెను.

గురువు కన్నులొత్తుకొని పది మార్కులు వేసెను. గట్టెక్కుటకు ఇరువదింట పదునొకండు కావలెను.

"మొదట రెండుసార్లు తప్పావు. పదే."

"ప్రొఫే, కొసరు!"

"ఏంటీ?"

"శనివారం శనివారం కిలో ఉల్లిగడ్డలు కొని, 'యాపా, యాపా' అని మా అమ్మ ప్రాణం తోడి మరీ కొసరు పట్టుకెళ్తారుగా? నేనూ ఒక్కటే అడుగుతున్నా. ఒక్కటొస్తే క్లోరిన్ ఎలా పొంగిందో మీ కళ్ళతో మీరే చూశారు!"

తరగతి గొల్లుమనెను. నవ్వో ఏడుపో తెలియని ముఖముతో గురువు పదిని కొట్టివేసి పదునొకండు వ్రాసెను.

జయము, జయము! ఇరువదింట పదునొకండు గడించిన ఆ సార్వభౌమురాలు, రొమ్ము విరుచుకొని, గుమ్మము చాలనంతగా పొంగి, వానలో బజారున నున్న తల్లికడకు పరుగిడుచు, దిక్కులు పిక్కటిల్ల సింహనాదము చేసెను:

"మామీ, బూట్లు తియ్యి!"