మేడం మందలింపు

ఆ ఉదయం మేడం పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లగానే ఒక మనిషిని గట్టిగా మందలించాలి, తర్వాత కాఫీ తాగాలి. అద్దం ముందు జడ వేసుకుంటూ సాధన మొదలుపెట్టింది. తప్పు చేసిన ఉద్యోగి స్థానంలో భర్త భుజాన తువ్వాలుతో నిలబడ్డాడు.

"మీ గైర్హాజరును మేము గాఢంగా గమనించాం," అంది.

"ఇది తిట్టా?"

"మా ఉద్యోగాల్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదండీ. దీని తర్వాత ఇక యుద్ధమే."

ఆమె ఒక రాయబార కార్యాలయంలో ప్రథమ కార్యదర్శి. ఇన్నేళ్లలో ఎవరినీ 'నీది తప్పు' అని ఎరగదు. అలా అనకుండా ఉండడానికే ఆమెకు జీతం. ఇప్పుడు అనాల్సింది కొత్తగా చేరిన కార్యదర్శిని. అందరూ కొత్తాయన అంటారు. సెలవు అడగకుండా వారమంతా మాయమయ్యాడు. "మీరు మందలించండి, నేను బదిలీకి సంతకం పెడతాను," అన్నారు రాయబారి.

పాపం, కొత్తాయన ఎక్కడికీ పోలేదు. భాష రాని బడిలో వేసిన కూతురు, నాన్న కనబడకపోతే ఏడుపు ఆపడం లేదు. వారమంతా తరగతి కిటికీ బయట నిలబడ్డాడు. ఏ నిబంధన కిందా దానికి సెలవు దొరకదని అడగనేలేదు. ఇప్పుడు బదిలీ అంటే మళ్లీ కొత్త దేశం, కొత్త బడి, కొత్త ఏడుపు. మేడం కబురు పెట్టడంతో ఇవాళే మొదటిసారి పిల్లను ఒంటరిగా వదిలి వచ్చాడు.

అతను గదిలోకి రాగానే మేడం గొంతు సవరించుకుంది. "మీ గైర్హాజరును మేము గాఢంగా గమనించాం. మీరు లేని వారం ఈ కార్యాలయానికి పెద్ద లోటు. ఇకమీదట మీ ఉనికిని మరింతగా ఆశిస్తున్నాం."

కొత్తాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను ఇంతలా తలుచుకున్నారా మేడం!"

మరీ కటువుగా అన్నానేమోనని మేడం మనసు చివుక్కుమంది. తన కాఫీ అతనికే ఇచ్చేసింది.

ఆ కప్పుతోనే అతను రిసెప్షన్‌లోని అక్క దగ్గరికి వెళ్లాడు. "అక్కా, నేను లేకపోతే ఆఫీసుకు లోటట!"

"మేడం అన్నారా? కాఫీ కూడా ఇచ్చారా? నాకు ఇన్నేళ్లలో మంచినీళ్లు పోసిన పాపాన పోలేదు! నీకేదో పెద్ద మెప్పే వచ్చుంటుంది తమ్ముడూ, బయటికి చెప్పడం లేదంతే."

అతిథుల కోసం ఉంచిన పూలగుత్తి హాల్లోకి వచ్చింది. టైపిస్టులు, డ్రైవర్లు చేరి చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పుడుకు మేడం కూడా గదిలోంచి బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే రాయబారి, ఆ దేశపు విదేశాంగశాఖ అధికారిణితో మెట్లు దిగారు. చప్పట్లు వినబడితే తానూ కొట్టడం, పూలగుత్తి అందిస్తే ఎదుటివాడి చేతిలో పెట్టడం ఆయనకు వృత్తి నేర్పిన అలవాటు. ఎందుకని అడగడం మర్యాద కాదు. రెండూ చేసేశారు. "ఇలాంటి యువకులే మాకు వెన్నెముక," అని కూడా అనేశారు.

"ఏం సాధించారు ఈయన?" అంది అధికారిణి.

రాయబారి మేడం వంక చూశారు. మేడం పూల వంక చూసింది.

"వారం రోజులు ఆఫీసుకు రాలేదండీ," అన్నాడు కొత్తాయన. అబద్ధం నోట రాక, కిటికీ సంగతంతా చెప్పేశాడు.

అధికారిణి కళ్లు ఒత్తుకుంది. "అందుకు పూలిచ్చారా! మా మంత్రిగారికి తప్పకుండా చెబుతాను."

ఆమె కారు కదలగానే రాయబారి మేడం వైపు తిరిగారు. "మిమ్మల్ని ఏం చెయ్యమన్నాను?"

"మందలించాను సార్. ఏడ్చాడు కూడా."

రాయబారి తల పట్టుకున్నారు. "ఇప్పుడు బదిలీ చేస్తే ఆవిడకేం చెప్పుకోను? సరే, రేపట్నుంచి పొద్దునపూట ఆ కిటికీ దగ్గరే ఉండమనండి. డ్యూటీ కిందే లెక్క." రెండడుగులు వేసి ఆగారు. "పిల్ల అన్నం సరిగ్గా తింటోందా, కనుక్కోండి."

సాయంత్రం కొత్తాయన బడి గేటుకు పరుగెత్తాడు. కూతురు ఏడవడం లేదు. మరో పిల్ల చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

"అమ్మలూ! రేపట్నుంచి రోజూ వచ్చి నిలబడతా. మా సార్ ఒప్పుకున్నారు."

"వద్దు నాన్నా! నువ్వు కిటికీలోంచి చూస్తుంటే అందరూ నవ్వుతున్నారు. నీకేం పని లేదా? ఆఫీసుకు పో!"

గట్టిగా మందలించడం అంటే ఏమిటో కొత్తాయనకు అప్పుడు తెలిసింది. మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చాడు.