భోజనమయ్యాక పథ్యం

అలా కాదు అమ్మడూ, నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగానే రాయి. ‘నేను’ అని రాయకు, ‘మీ తాత’ అని రాయి. పరువు కాస్త దూరంగా ఉంటుంది.

మీ తాత దర్జీ. కాలితో తొక్కే కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆ వీధికి తానే పెద్దనుకునేవాడు. అలాంటి మనిషికి ఒకరోజు పంట్లాము అంచు కుడుతుంటే ఊపిరి అందలేదు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, రక్తంలో కొవ్వు పేరుకుందని చెప్పింది. పళ్ళెంలో సగం కూరగాయలు ఉండాలంది. గింజలు, పళ్ళు తినాలంది. ఉప్పూ నూనే తగ్గించాలంది. మూడు నెలల్లో కుదుటపడకపోతే మిషను తొక్కడం ఆపేయాలంది. ఆపేస్తే ఆ పీట ఎక్కేది అల్లుడు, అంటే మీ మామయ్య. ఆయన కాజా కుడితే గుండీ దారి వెతుక్కోవాలి.

ఆ సాయంత్రమే వంటింట్లో అత్యవసర సమావేశం జరిగింది. మీ నాయనమ్మ అధ్యక్షత వహించింది. డాక్టరు చెప్పింది కాబట్టి ఇది మందేనని సభ ఏకగ్రీవంగా తేల్చింది. మందు ఎప్పుడు వేసుకోవాలో మన వంశంలో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది: కడుపు నిండా తిన్నాక. ఉప్పూ నూనే తగ్గించాలన్న ఆజ్ఞ ఆ మందు గిన్నెకే వర్తిస్తుందని కూడా తీర్మానించారు.

మీ తాత తు.చ. తప్పకుండా ఆచరించాడు. ముందు మామూలు భోజనం: వేయించిన మాంసం, వెన్న రాసిన రొట్టె, అడుగున మిగిలిన నూనె తుడుచుకోవడానికి ఇంకో రొట్టె. ఆ తర్వాత పెద్ద గిన్నెడు ఉడికించిన కూరగాయలు, నానబెట్టిన గింజలు, పళ్ళు. చప్పగా ఉంటే మింగుడు పడదని మీ నాయనమ్మ వాటి మీద వెన్న కరిగించి పోసేది. చేదు మందులో తేనె కలపరా ఏంటి అనేది.

ఇంత త్యాగం తనలోనే దాచుకోవడం న్యాయం కాదని, కొలతలకొచ్చిన వాళ్ళందరికీ మెడలో టేపుతో ఉపన్యాసం ఇచ్చేవాడు.

“గుండెను కొత్తల్లుడిలా చూసుకోవాలండీ. అడిగి అడిగి పెట్టాలి. మా అల్లుడి సంగతి వదిలేయండి. నన్ను చూడండి.”

చూశారు. బడిపంతులు, మంగలి, ఇస్త్రీ బండాయన, అందరూ తిన్నాక ఇంకోసారి తినడం మొదలుపెట్టారు. వీధి మొత్తం ఆరోగ్య చైతన్యంతో వెలిగిపోయింది. దాని ఫలితం మొదట కనిపించింది కుట్టు దుకాణంలోనే. నడుము దగ్గర వదులు చేయమంటూ పంట్లాములు కుప్పలుగా వచ్చి పడ్డాయి. మీ తాత తన పంట్లామూ విప్పి వదులు చేసుకున్నాడు. లోపలి మడత అయిపోతే వెనక వేరే గుడ్డ అతుకు వేశాడు. బతుకంతా ఊరి నడుములు కొలిచిన మనిషి ఆ టేపు తన నడుముకు మాత్రం చుట్టుకోలేదు. ఉతికితే గుడ్డ కుంచించుకుపోతోందని సబ్బును తిట్టాడు.

గడువు రాగానే బహుమతి అందుకోబోతున్న వాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కాగితాలు చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ కాగితాలు చూసింది. గిన్నె కథంతా ఓపిగ్గా విన్నది.

“అవన్నీ తిన్నారు, సరే. ఏం మానేశారు?”

“మానేయమని మీరు అనలేదు కదమ్మా. తినమన్నారు, తిన్నాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “పెద్దాయనా, పళ్ళెంలో సగం అన్నాను. పళ్ళెం తర్వాత ఇంకో పళ్ళెం అనలేదు. ఇక మిషను తొక్కకండి.”

మర్నాడు మీ మామయ్య పీట ఎక్కాడు. మీ తాత గుండీలు కుట్టే బల్ల దగ్గరికి మారాడు. మిషను చప్పుడు వినిపిస్తుంటే బల్ల కింద ఆయన పాదాలు వాటంతటవే ఆడేవి. ఎవరైనా చూస్తారేమోనని కాళ్ళు మడుచుకునేవాడు.

ఇంట్లో విచారణ జరిగింది. ఇన్నేళ్ళూ లేని జబ్బు కూరగాయలు మొదలెట్టాకే ముదిరిందని సాక్ష్యం బలంగా ఉంది. గిన్నెను దోషిగా తేల్చి అటక ఎక్కించారు. మాంసం, వెన్న, నూనె నిర్దోషులుగా పళ్ళెంలోనే కొనసాగాయి. తీర్పు సబబుగానే ఉందని మీ తాత తలూపి, ఇంకో రొట్టె అందుకున్నాడు.

అంతే. ఇది మీ బాబాయికి ఫోన్ చేసి చదివి వినిపించు. వాడూ గుండె కోసం పొద్దున్నే ఏవో గింజలు తింటున్నాడట. ఏం తింటున్నావని అడిగితే గంటసేపు చెబుతాడు, విను. ఏం మానేశావని మాత్రం అడగకు. మనలాంటి మర్యాదస్తుల ఇళ్ళల్లో అది అడగకూడని మాట.