మూత తీసిన లాప్‌టాప్

"ఎవురూ కదలొద్దండి! హేమా, తలుపు ఎయ్యి!"

నారాయణ అరిచిన అరుపుకు అరుగు మీద నిద్రపోతున్న కుక్క లేచి నిలబడి, తనను కాదని తెలుసుకుని మళ్లీ పడుకుంది. భార్య హేమ తలుపు వేసింది. వేశాక గాని ఆమెకు గుర్తు రాలేదు, పొయ్యి తలుపుకు అవతల ఉందని.

"పప్పు మాడుతాది" అంది.

"మాడనీ! పిల్లోని బతుకు మాడతాంటే నీకు పప్పు కావాల్నా?"

కొడుకు తేజ ఆ మాటలేవీ వినడం లేదు. మంచం మీద బోర్లా పడుకోబెట్టిన తన గేమింగ్ లాప్‌టాప్ వైపే చూస్తున్నాడు. అడుగు మూత విప్పి ఉంది. ఫ్యాన్లు ఉన్నాయి, బ్యాటరీ ఉంది, వైర్లు ఉన్నాయి. అగ్గిపెట్టెలో పట్టేంత పచ్చ పట్టీ ఒకటి ఉండాల్సిన చోట మాత్రం ఖాళీగా ఉంది.

ఆ పట్టీ పేరు ఎస్‌ఎస్‌డి. లాప్‌టాప్‌లో దాచుకున్నదంతా ఉండేది అందులోనే. తేజ దాచుకున్నది రెండేళ్ల పని, ఎండిన ఊళ్లకు నీళ్ల ట్యాంకర్ తోలే ఒక వీడియో గేమ్. ఆ మధ్యాహ్నమే దాన్ని బెంగుళూరు కంపెనీ వాళ్లకు వీడియో కాల్‌లో చూపించాలి. వాళ్లకు నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే రేపటి నుంచి నాయన ఎరువుల అంగట్లో కూర్చుని యూరియా బస్తాలు లెక్కపెట్టుకోవాలి. ఆ షరతు పెట్టింది నారాయణే.

నిజానికి పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గేమ్ పెరిగి పెరిగి పాత డిస్క్ నిండిపోయింది. ట్యాంకర్ ఒక మలుపు తిరగాలంటే కాసేపు నిలబడి ఆలోచించుకుంటోంది. కంపెనీ వాళ్ల ముందు అలా ఆగిపోతే పరువు పోతుంది. అందుకని పెద్ద డిస్క్ ఒకటి కొన్నాడు. కొత్తది లోపల పెట్టి, పాతదాన్ని చిన్న కేసులో పెట్టి కేబుల్‌తో తగిలిస్తే, పనంతా అందులోంచి ఇందులోకి వచ్చేస్తుంది. "పావుగంట పని" అన్నాడు అనంతపురంలో మొబైల్ షాపు నడిపే స్నేహితుడు హబీబుల్లా.

ఆ డిస్క్‌ను ఎంచుకోవడానికి ఇద్దరూ పడిన పాట్లు సంబంధాలు చూసేవాళ్లు కూడా పడరు. చదివే వేగం ఎంత, రాసే వేగం ఎంత, ఎండాకాలం వేడికి తట్టుకుంటుందా, వారంటీ ఎన్నేళ్లు, వాడినవాళ్లు ఏమంటున్నారు, అన్నీ విచారించారు. వీడియోలు చూశారు. వీడియోల కింద జనం తిట్టుకున్న తిట్లు కూడా చదివారు. ఒక్క పని మాత్రం చెయ్యలేదు. లాప్‌టాప్‌లో దానికి ఉన్న చోటు ఎంత పొడుగో కొలవలేదు.

పొద్దున ఇద్దరూ కూర్చుని మూత విప్పి, పాత పట్టీని పట్టుకున్న స్క్రూ తీసి, కొత్తదాన్ని పక్కన పెట్టి చూస్తే అది రెండు వేలి కణుపులంత ఎక్కువ పొడుగుంది.

"కొంచెం వంచితే?" అన్నాడు తేజ.

"వంచనీకి ఇదేమన్నా రొట్టె అనుకున్నావా? ఇప్పుడే పోయి పొట్టిది మార్చుకొస్తా" అని హబీబుల్లా కొత్తదాన్ని జేబులో వేసుకుని బయటకు నడిచాడు. బైకు స్టార్ట్ కాలేదు. తేజ వెనకాల నుంచి తోసుకుంటూ బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాకా పోయాడు. తిరిగొచ్చి చూస్తే పాత పట్టీ మాయం.

"నా పనంతా పోయిందమ్మా!" అని తేజ వేసిన కేకకు పెరట్లో బర్రెకు గడ్డి వేస్తున్న నారాయణ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పోయిందిరా?"

"అంతా పోయింది నాయనా. ఊళ్లు, రోడ్లు, చెరువులు, ట్యాంకర్లు, అన్నీ దాంట్లోనే ఉండాయి!"

నారాయణ మంచాన్ని, గుమ్మాన్ని కళ్లతోనే కొలిచాడు. "అంత సామాను ఎత్తకపోవాలంటే ఒక్కనితో అయ్యే పని కాదు."

"పెద్దది కాదు నాయనా, అది ఇంత..."

"నువ్వు నోరు ముయ్యి. నీకు రాజకీయం తెలీదు."

నారాయణకు తెలుసు. రైతు సహకార సంఘం ప్రెసిడెంటు పదవికి పోటీలో ఉన్నాడు. ఎదురు నిలబడింది గోడ పక్క ఇంటి జయరాముడు, వరసకు తమ్ముడు. ఒకే గోడకు ఇటు ఒకరి పోస్టర్, అటు ఒకరి పోస్టర్ అంటించుకున్నారు.

"పొద్దున జయరాముడు మనింటికి మనిషిని పంపి ఏమడిగినాడు?" అన్నాడు నారాయణ.

"నిచ్చెన" అంది హేమ.

"నిచ్చెన ఎందుకు? గోడ ఎక్కనీకి!"

"మనం ఇయ్యలేదు కదా."

"ఇయ్యలేదు గాబట్టే కోపం!"

ఈ తర్కాన్ని అక్కడే వదిలి హేమ తలుపు తీసుకుని పప్పు దించడానికి పోయింది. ఆ సందులో నారాయణ ఫోను తీసి సంఘం సభ్యుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "రైతు సోదరులారా! నా కొడుకు రెండేండ్లుగా కంప్యూటర్లో దాచిపెట్టిందంతా శత్రువులు ఎత్తకపోయినారు. ఇది ఎవరి పనో నాకు తెలుసు. ఈ రోజు పేరు బయటపెడతా!"

తేజ తల పట్టుకున్నాడు. హబీబుల్లాకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. బైకు మీద ఉన్నట్టున్నాడు.

వాయిస్ మెసేజ్ మాత్రం ఆగకుండా ప్రయాణించింది. చెరువు కట్ట దాటేసరికి తేజ దగ్గర రెండేళ్ల వీడియోలు ఉన్నాయని అయింది. బస్టాండు చేరేసరికి అవి సంఘం డైరెక్టర్ల వీడియోలని అయింది. అవి ఇప్పుడు దొంగల చేతిలో ఉన్నాయన్న సంగతి అందరికన్నా ముందు డైరెక్టర్లకు అందింది.

మొదట వచ్చినవాడు డైరెక్టర్ ఇమ్మానుయేల్. నారాయణను పలకరించకుండా తేజను కిటికీ దగ్గరకు లాక్కుపోయాడు.

"అబ్బీ, ఒక్క మాట నిజం చెప్పు. దాంట్లో నాది ఉండాదా?"

"నీదేందన్నా?"

"అదే... సబ్సిడీ చెనక్కాయ విత్తనాలు వచ్చిన రోజు. గోడౌను ఎనక తలుపు."

"అయ్యో, అట్లాంటివి ఏమీ లేవన్నా. దాంట్లో ఉండేది ట్యాంకర్లు, అంతే."

ఇమ్మానుయేల్ "ట్యాంకర్లు కూడా తీసినావా?" అంటూ అక్కడే చతికిలబడ్డాడు. ఎండాకాలం ఊరికి రాని ట్యాంకర్లకు ఎవరు బిల్లులు పెట్టారో ఆ క్షణం దాకా తేజకు తెలియదు. ఇమ్మానుయేల్ వెంట ఇంకా కొంతమంది వచ్చారు. ఒక్కొక్కరూ తేజను ఒక్కో మూలకు తీసుకుపోయి, తాము ఎప్పుడూ చెయ్యని పనుల గురించి వివరంగా చెప్పి, వాటిని చెరిపెయ్యమని బతిమాలారు.

చివరకు జయరాముడు వచ్చాడు. గోడ దూకి కాదు, వీధి గుమ్మంలోంచే, వెనక తన మనుషులతో.

"ఏమప్పా నారాయణా! నేను దొంగనంట?"

"నీ పేరు నేను ఎత్తలేదే!"

"ఎత్తకుండానే ఊరంతా నా మొగం చూస్తాండారు. నా తలకాయ మీద రాసిపెట్టినట్లు చేస్తివి. పేరు బయటపెడతా అంటివి కదా, పెట్టు. నేను తీసింటే ఎన్నిక నుంచి తప్పుకుంటా. తీసింది వేరేవాళ్లయితే నువ్వు తప్పుకోవాల. సరేనా?"

పడసాల నిండా ఓటర్లు. వెనక్కి తగ్గడానికి చోటు లేదు. "సరే!" అన్నాడు నారాయణ మీసం మీద చెయ్యి వేసి. "దొంగ పేరు అందరి ముందరా చెప్తా. ఇది నా మాట."

జయరాముడు గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన మనుషులు అరుగు మీద కూర్చున్నారు. ఇల్లు ఎవరిదైనా వచ్చినవాళ్లకు టీ ఇవ్వాలి కాబట్టి హేమ అందరికీ టీ పెట్టింది. తేజ గడియారం చూసుకుంటున్నాడు. కాల్‌కు ఇంక ఎంతోసేపు లేదు.

అప్పుడు దిగాడు హబీబుల్లా, చెమటలు కక్కుకుంటూ. జనాన్ని చూసి, "ఏంది తేజా, పెళ్లిచూపులా?" అన్నాడు. సంగతి విని నోరు తెరిచాడు. తర్వాత జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి, పొట్టి డిస్క్‌ను రెండు వేళ్లతో పైకి ఎత్తి అందరికీ చూపించాడు.

"అందరూ చూడండప్పా. పోయింది కూడా అచ్చం ఇట్లే ఉంటాది. ఇంతే సైజు, ఇదే రంగు. ఎవురికన్నా కనపడిందా?"

నారాయణ దాన్ని చూశాడు. ముందుకు వంగి ఇంకోసారి చూశాడు. తర్వాత, తేజ పుట్టిన దగ్గర నుంచి ఎన్నడూ విననంత మెత్తగా, "నాయనా తేజా, బర్రె కాడికి ఒకసారి రా" అన్నాడు.

బర్రె పక్కన నిలబడి నారాయణ చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. బోరు మోటారు స్టార్టర్ ఫ్యూజులు మూడు బయటికి వచ్చాయి. వాటి వెనకాల బీడీ కట్ట. దాని వెనకాల అగ్గిపెట్టెలో పట్టేంత పచ్చ పట్టీ.

"ఇదేనా?"

తేజ దాన్ని లాక్కున్నాడు. "ఇది నీ కాడ ఎందుకుండాది?"

"మూత తెరిచి పెట్టిపోయినారు కదరా! ఇది సగం లేచి నిలబడి ఉండాది, ఊడిపోయిన ఫీజు మాదిరి. మీ అమ్మ చెయ్యి పెడితే షాక్ కొట్టదా? మోటారు కాడ ఏం చేస్తాము? పెట్టె మూత తెరిస్తే ముందు ఫీజు పీకాల, జేబులో ఏసుకోవాల. అదే చేసినా."

ఆ చుట్టుపక్కల ఏ రైతైనా అదే చేస్తాడు. చేను వదిలి ఇంటికొచ్చేటప్పుడు ఫ్యూజులు పీకి వెంట తెచ్చుకుంటారు, వేరేవాళ్లు మోటారు వెయ్యకుండా. స్టార్టర్ విప్పితే పీకుతారు, ఎవరికీ షాక్ తగలకుండా. చొక్కాలు ఉతికే ముందు ఆడవాళ్లు జేబుల్లో వెతికేది నోట్ల కోసం కాదు, ఫ్యూజుల కోసం.

"మరి పొద్దున్నించి చెప్పలేదేం?"

"నువ్వు పోయిందన్నది ఊళ్లు, చెరువులు, ట్యాంకర్లు. నా జేబులో ఉండేది ఒక ఫీజు. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఇప్పుడు చిన్నాయనకు ఏం చెప్తావు?"

"ఎలుక ఎత్తకపోయింది, గడ్డివామి కాడ దొరికింది అంటాం."

"చిన్నాయన మీద దొంగతనం పడింది కదా, నాయనా!"

"వాడు ఎట్లైనా ఇట్లాంటి పని చేసేవాడేలేరా. ఈ రోజు చెయ్యలేదు, అంతే."

లోపలికి వచ్చి నారాయణ ఎలుక సంగతి ప్రకటించాడు. జయరాముడు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ ఎలుక ఏ పార్టీది?" అన్నాడు. జనం నవ్వారు. నారాయణ నవ్వలేదు.

ఇంక వాదనకు సమయం లేదు. కొత్త డిస్క్ సంగతి పక్కన పెట్టి, హబీబుల్లా పాతదాన్నే తిరిగి లోపల పెట్టి స్క్రూ బిగించాడు. లాప్‌టాప్ లేచింది. కాల్ కలిసింది. తెర మీద కంపెనీ తరఫున ఒకామె కనిపించింది, పేరు ఆశ్రిత. తమ సీమ మనిషే, చిలమత్తూరు అమ్మాయి కావడంతో తేజకు కాస్త ధైర్యం వచ్చింది. వెనకాల పడసాల పడసాలంతా తెరలోకి వంగి చూస్తోంది.

తేజ ఆట నడిపించాడు. ట్యాంకర్ మలుపుల దగ్గర ఆగి ఆలోచించింది. అయినా ఊరు చేరింది. బిందెలతో జనం తోసుకున్నారు.

"బాగుంది" అంది ఆశ్రిత. "ఆ కొట్లాట చూస్తే మా ఊరు గుర్తొచ్చింది. కానీ ఆలస్యంగా వచ్చినారే?"

"డిస్క్ కనపడకుండా పోయింది మేడం. ఇప్పుడే దొరికింది."

"ఎట్ల పోయింది?"

తేజ తల తిప్పి నాయన వైపు చూశాడు. నారాయణ పెదాలు చప్పుడు లేకుండా కదిలాయి. ఎలుక.

"ఎలుక... అంటే... ఎట్లనో పోయింది మేడం."

ఆశ్రిత ముఖంలో నవ్వు పోయింది. "చూడు తేజా. మా ఆఫీసులో రోజూ ఏదో ఒకటి చెడిపోతాది. చెడగొట్టింది ఎవరో చెప్తే గంటలో బాగు చేసుకుంటాం. ఎలుక కథలు చెప్తే వారం పోతాది. ఎవరు తీసినారో ఒక్క మాట చెప్పు, మిగతా ఆట చూస్తా. చెప్పలేకపోతే ఇంకో అబ్బాయి లైన్లో ఉన్నాడు."

గుమ్మంలో జయరాముడు లేచి నిలబడ్డాడు. తెర మీద ఆశ్రిత చెయ్యి కాల్ ఆపే బటన్ వైపు కదిలింది.

తెర మూలన ఉన్న చిన్న గడిలో తేజకు తన ముఖం కనిపిస్తోంది. దాని వెనక నాయన ముఖం. ఆ ముఖం ఒకసారి ఓటర్ల వైపు తిరిగింది, ఒకసారి ఆ చేతి వైపు తిరిగింది. తర్వాత గడి నిండా అదే అయింది.

"తల్లీ, ఆగు! పిల్లోని మీద తప్పు లేదు. నా పరువు కోసం వాడు చెప్పలేదు. పొద్దున్నించి దొంగ దొంగ అని అరిచింది నేనే, పీకి జేబులో ఏసుకుందీ నేనే. నా పేరు నారాయణ!"

సహకార సంఘం ఎన్నికల ప్రచారంలో ఓటర్లు విన్న మొదటి నిజం అది.