ఒక కిటికీ, రెండు జట్లు

ఆ ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగడు, పేకాడడు, వేళకి ఇంటికొస్తాడు. కానీ నేర్చుకుంటాడు. మొన్న శని ఆదివారాలు ఏదో హోటల్లో, ఎదిగే వ్యాపారానికి మేటి జట్టును తయారుచేయడం ఎలా అని చెబుతుంటే విని, ఒక ఫైలూ రెండు పెన్నులూ బోలెడు ఉత్సాహమూ మోసుకొచ్చాడు.

వాళ్ళది కర్టెన్లు కుట్టే పని. ఇంటి వసారాలో ఒక్క మిషనుతో మొదలై, ఇప్పుడు రేకుల షెడ్డులో పన్నెండు మిషన్లయింది. ఆ మొదటి మిషను మీద కూర్చున్న పెద్దక్క ఇప్పటికీ దాన్ని వదల్లేదు. రోజూ పదకొండింటికి ఇల్లాలు ఫ్లాస్కుతో టీ తెస్తే, అందరూ కటింగు బల్ల చుట్టూ చేరి పావుగంట కబుర్లాడుకునేవారు.

సోమవారం ముసురు పట్టింది. పట్టపగలే లైట్లు వేసుకున్న షెడ్డులో ఆయన గోడకి తెల్లబోర్డు కొట్టించి, పన్నెండు మందినీ రెండు జట్లు చేశాడు. కిటికీకి ఎడమ తెర కటింగు మాస్టరు జట్టుది, కుడి తెర పెద్దక్క జట్టుది. ఏ రోజు ఎవరు ఎక్కువ కుడితే వాళ్ళకి బోర్డు మీద నక్షత్రం. కబుర్ల వల్ల పని చెడుతోంది గనక, ఇకనుంచి టీ ఎవరి మిషను దగ్గరికి వాళ్ళకే.

"ఆ పావుగంట కూడా పనేనండీ," అంది ఇల్లాలు.

"నీకు తెలీదులే. పోటీ ఉంటేనే మనిషి పరిగెడతాడు."

చేతిలో ఉన్న ఆర్డరు ఒక ఆసుపత్రిది, నలభై కిటికీలు. సవ్యంగా ఇస్తే పక్క భవనం పని కూడా వీళ్ళకే. మంగళవారం అక్కడి మేనేజరు ఫోను చేసి, కిటికీల కింద బల్లలు వేయిస్తున్నాం, తెరలు జానెడు పొట్టిగా కావాలన్నాడు. కింది అంచులు ఇంకా కుట్టలేదు గనక బెంగపడే పనిలేదు. ఎదురుగా మాస్టరు కనిపిస్తే, అందరికీ చెప్పమన్నాడు యజమాని. మాస్టరు చెప్పాడు, తన జట్టులో అందరికీ.

బుధవారానికి కత్తెరలు తాళం పెట్టెల్లోకీ, దారం రీళ్ళు చేతిసంచుల్లోకీ వెళ్ళిపోయాయి. ఇస్త్రీ చేసే అతను ఏ జట్టులోనూ లేడు గనక, గూఢచారి అయ్యుంటాడని రెండు జట్లూ అతనితో మాట్లాడటం మానేశాయి. అతను పొడుగు తెరలూ పొట్టి తెరలూ చూస్తూనే, నోరు మూసుకుని ఇస్త్రీ చేశాడు.

శుక్రవారం ఆసుపత్రిలో నలభై కిటికీలూ ఒక కాలు పైకి మడుచుకున్న ప్యాంట్లలా నిలబడ్డాయి. చూపు కూడా తేడా చేసిందేమోనని ఒక ముసలి రోగి నర్సుని పిలిచాడు. మేనేజరు నవ్వలేదు. సోమవారానికి సరిచేసి తెమ్మన్నాడు. పక్క భవనం ఊసెత్తలేదు.

యజమాని కుడి తెరలన్నీ దింపించి షెడ్డుకి తెచ్చి, అందరి ముందూ పెద్దక్కని నిలబెట్టాడు. "ఇన్నేళ్ళ అనుభవం. కొలత ఒకసారి కనుక్కోవాలని తోచలేదా అక్కా?"

పెద్దక్క తన కత్తెరని గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని వానలోకి నడిచింది. వెనకే ఆమె జట్టు అయిదుగురూ వెళ్ళిపోయారు. విప్పి కుట్టాల్సిన నలభై తెరలు బల్ల మీద మిగిలాయి.

ఆ రాత్రి ఆయన కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "పోటీ ఉంటే పరిగెడతారన్నారు. పరిగెత్తారు కదా," అంది ఇల్లాలు.

శనివారం పొద్దున ఆమె ఫ్లాస్కు నింపి ఆయన చేతికిచ్చి, పెద్దక్క ఇంటికి వెంటబెట్టుకుపోయింది. ఆ ఒంటిగదిలో రెండు జట్లూ చాప మీద కలిసి కూర్చునున్నాయి, మాస్టరుతో సహా. ఇస్త్రీ అతను గ్లాసులు అందిస్తున్నాడు. కొలత ఎక్కడ ఆగిపోయిందో వాళ్ళు మొదటి గ్లాసుకే తేల్చేశారు. రెండో గ్లాసుకి, పెద్దక్క వేరే షెడ్డు పెడితే ఎవరెవరు వస్తారన్న దాకా వచ్చారు.

ఆయన గుమ్మం దాటలేదు. ఫ్లాస్కు కింద పెట్టాడు.

"తప్పు నాది. కొలత ఒక్కరికే చెప్పింది నేను. మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చేసింది నేను. నిన్న నిన్ను నిలబెట్టి అడిగానే అక్కా, అది అన్నిటికన్నా తప్పు."

పెద్దక్క టీ చివరి గుక్క దాకా తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"ఇది ఏ జట్టు తరఫున చెబుతున్నారు బాబూ?" అని, సంచి అందుకుంది.

ఆదివారానికి నలభై తెరలూ పొట్టివయ్యాయి. పక్క భవనం పని మాత్రం వేరేవాళ్ళకి పోయింది. తెల్లబోర్డుని ఇప్పుడు కటింగు బల్ల మీద పడుకోబెట్టి, పదకొండింటికి దాని మీద గ్లాసులు పెట్టుకుంటున్నారు.