రెండు సెంటీమీటర్ల సందేహం

ఒక దేశం ఎంత నాగరికమైనదో తేల్చడానికి దాని రోడ్ల మీద తిరిగే కార్లను లెక్కపెట్టడం పాత పద్ధతి. నన్నడిగితే, అన్ని విధాలా సిద్ధమై, నిండుగా పెట్రోలు పోసుకుని, కాగితం రాలేదన్న ఒక్క కారణంతో షెడ్డులో నిలబడ్డ కార్లను లెక్కపెట్టాలి. ఆ లెక్కన స్వీడన్‌ను మించిన దేశం లేదు. ఈ జాతీయ కృషిలో మా కుటుంబం వాటా ఒక కారు. దాన్ని ఆపిన ఘనత పూర్తిగా నాది.

కారు 1957 నాటి మెర్క్యురీ. పైకప్పు మడిచి వెనక్కి తోసేయొచ్చు. మా అన్నయ్య రోనీ దాన్ని అమెరికాలో, ఒహాయోలో ఒక కోళ్ళషెడ్డు నుంచి కొని ఓడ మీద తెప్పించాడు. వచ్చిన రోజున డ్రైవరు సీట్లో కూర్చుని కిందికి చూస్తే మట్టి కనిపించేది. తర్వాత తొమ్మిదేళ్ళ శనివారాలు దానికే పోయాయి. అడుగు రేకంతా కొత్తగా వెల్డింగ్ చేశాడు. బంపర్లు ఊడదీసి క్రోమ్ పూత వేయించాడు. లేత ఆకుపచ్చ, మీగడ తెలుపు రంగులు కొట్టాడు. సీట్లకు ఎర్రతోలు తనే కుట్టాడు. (కుట్టు మిషను మా వదినది. ఆవిడ దాన్ని ఇప్పటికీ తిరిగి అడుగుతూనే ఉంది.)

నా వంతు పని గురించి కూడా చెప్పాలి. మా ఇంట్లో యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మా చిన్నప్పుడు ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరాలను నాన్న విప్పకుండా రొట్టెల డబ్బా వెనక పెట్టేవాడు. కొన్నాళ్ళు అక్కడ ఉంటే వాటంతట అవే చల్లబడతాయని ఆయన నమ్మకం. వాటిని విప్పి చదివిన మొదటి మనిషిని కూడా నేనే. అప్పటినుంచి ఇంటికి ఏ కాగితం వచ్చినా "చదువుకున్నదానివి, నువ్వు చూడు" అని నా చేతిలో పెడతారు. సుత్తి మాత్రం ఇవ్వరు. కారు విషయంలో నేను చేసిందల్లా, నాలుగువందల పేజీల ఇంగ్లీషు మరమ్మతు పుస్తకాన్ని షెడ్డులో నిలబడి మా భాషలోకి మార్చి చదివి వినిపించడం. రోనీ అందులో ఒక్క ముక్క వినలేదు. కారు బాగానే తయారైంది.

మార్చిలో తనిఖీ కేంద్రం వాళ్ళు కారు చూశారు. చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒకాయన దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. పాసు చేశారు.

జూన్ పదకొండున రోనీ కూతురు స్వేయాకు స్కూలు చదువు ముగుస్తుంది. ఆ రోజు పిల్లలంతా తెల్లటోపీలు పెట్టుకుని బడి మెట్ల మీంచి పరుగెత్తుకొస్తారు, కింద ఎవరి బండి వాళ్ళ కోసం కాచుకుని ఉంటుంది. "నీ మెట్ల కింద ఈ కారు ఉంటుంది" అని రోనీ మాట ఇచ్చినప్పుడు స్వేయాకు పదేళ్ళు. ఆ మాట నమ్ముకుని ఆ పిల్ల తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం చక్రాల మూతలు తోముతోంది.

అంటే అంతా సవ్యంగా ఉంది. చేయాల్సింది ఏమీ మిగల్లేదు. (చేయాల్సింది ఏమీ మిగలని పరిస్థితిని నా డిగ్రీ తట్టుకోలేదు.) ఏప్రిల్లో ఒక ఆదివారం టేపు తీసుకుని కారును కొలిచాను. వెనకభాగం పుస్తకంలో ఉన్న ఎత్తు కంటే రెండు సెంటీమీటర్లు కిందికి ఉంది.

"స్ప్రింగులు కాస్త కోశాను," అన్నాడు రోనీ కాఫీ ఊదుకుంటూ. "వెనక్కి వాలి కూర్చున్నట్టుంటే అందంగా ఉంటుంది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడు నీకు చెప్పాను. అప్పుడే తప్పు చేశానేమో అనిపిస్తోంది."

మా ఊరి పాతకార్ల క్లబ్బు అధ్యక్షుడు యోతే అక్కడే ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు దుంగల లారీ తోలాడు. అతను కప్పు కింద పెట్టాడు.

"మరీతా, నా మాట విను. మన క్లబ్బులో ముప్పై ఆరు కార్లున్నాయి. ఒక్కటి కూడా పుస్తకంలో ఉన్నంత ఎత్తు లేదు. మనం అడగం, వాళ్ళు చెప్పరు. ఇన్నేళ్ళుగా రెండువైపులా సుఖంగా ఉన్నాం. ఆ టేపు లోపల పెట్టెయ్."

టేపు లోపల పెట్టాను. ఇంటికెళ్ళి, మార్పుచేసిన వాహనాల గుర్తింపు మండలికి మూడు వాక్యాల ఉత్తరం రాశాను. రెండు సెంటీమీటర్లు తగ్గించడం మార్పు కిందికి వస్తుందా రాదా, బాధ్యతగల పౌరులుగా స్పష్టత కోరుతున్నాం అన్నాను. వాళ్ళ నమూనా కాగితంలో యజమాని ప్రతినిధి అన్న గడిలో నా పేరు రాసి సంతకం పెట్టాను.

జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. మండలి నియమావళిలో ప్రశ్న అనేది లేదట. అడిగిన మనిషికి ముందే ఏదో తెలిసి ఉంటుంది కనుక ప్రతి ప్రశ్నా సమాచారమే, ప్రతి సమాచారమూ కేసే. కేసు నమోదైన క్షణం నుంచి మా కారు "సందేహస్థితి"లో ఉంది. సందేహం తీరేవరకు దాన్ని ఇంజిను శక్తితో నడపకూడదు. (ఉత్తరం చాలా బాగా రాశారు. మార్జిన్లు సమానంగా ఉన్నాయి. పదిహేనేళ్ళుగా కౌంటీ ఆఫీసులో దస్త్రాలు చూసే మనిషిగా మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.)

వెంట ఒక ఫారం కూడా ఉంది. ఎత్తు ఎందుకు తగ్గింది? వయసు వల్ల, బరువు వల్ల, ఉద్దేశం వల్ల. వయసు వల్ల అయితే అది వారసత్వ సంపద, ఇకమీదట ఇంకా తగ్గకుండా కాపాడాలి. బరువు వల్ల అయితే బరువు దింపి ఫొటో పంపాలి. ఉద్దేశం వల్ల అయితే ఆ ఉద్దేశాన్ని యజమాని స్వహస్తాలతో రాయాలి. రోనీ వేళ్ళకు అంటిన గ్రీజు తుడుచుకుని "అందం" అని రాశాడు. ఫారం తిరిగొచ్చింది. అందాన్ని మండలి ఉద్దేశంగా గుర్తించదు. గుర్తించినవి మూడే: భద్రత, వైకల్యం, వ్యవసాయం.

"వ్యవసాయం అని రాయండి," అన్నాడు యోతే. "ట్రాక్టరు కింద రాసుకుంటారు. వెనక నెమ్మదిబండి గుర్తుగా ఎర్ర త్రికోణం తగిలించుకుని గంటకు ముప్పై కిలోమీటర్లు పోవచ్చు. పొలం దున్నేటప్పుడు పిల్ల టోపీ గట్టిగా పట్టుకోవాలి, అంతే."

ఎవరూ నవ్వలేదు. రోనీ కొత్త స్ప్రింగులు తెప్పిస్తానన్నాడు. పాత ఎత్తుకు తెచ్చేస్తే సందేహం దానంతట అదే పోతుంది కదా అని నేనే మళ్ళీ రాశాను. పరిశీలనలో ఉన్న వాహనాన్ని సరిచేయడం కూడా మార్పేనని, పైగా అది సాక్ష్యాన్ని చెరపడం కిందికి వస్తుందని జవాబొచ్చింది.

జూన్ రెండున ఫోను చేశాను. క్యూలో పదిహేడో స్థానం. ఎత్తినావిడ పేరు పెర్నిల్లా. మా ఆఫీసుల్లో ఎవరూ ఎవరినీ మీరు అనరు. అందుకని కాదన్న మాట కూడా చుట్టాల నోట విన్నట్టే ఉంటుంది.

"నీ కేసు నా ముందే ఉంది మరీతా. రెండు సెంటీమీటర్లే కదా? ఐదు దాకా పర్వాలేదు. ఎప్పటినుంచో అంతే. అనుమతి కూడా అక్కర్లేదు."

"అయితే నడపొచ్చా?"

"అడక్కపోయి ఉంటే నడపొచ్చు. అడిగావు కాబట్టి నిర్ణయం కావాలి. నిర్ణయాలు ఇప్పుడు పోయిన అక్టోబరులో అడిగినవాళ్ళవి ఇస్తున్నాం."

"అడగడం మానుకుంటున్నానని రాసిస్తే?"

"అది ఉపసంహరణ అర్జీ. వేరే క్యూ. దాన్ని మొదటి కేసు తేలాకే తెరుస్తాం." గొంతు తగ్గించింది. "చూడు, ఇది ఆఫీసు మాట కాదు. ఇంకేం అడక్కు."

ఆ సాయంత్రం షెడ్డుకెళ్ళి చెప్పాను. రోనీ కారు కింద ఉన్నాడు. నిజం చెప్పాలంటే నేను ఒక్కటే ఆశ పెట్టుకుని వెళ్ళాను, వాడు నా మాట లెక్కచేయడని. సైలెన్సరు లేని కార్లు, తలుపు లేని కార్లు, ఒకసారి స్టీరింగు బదులు రెంచి బిగించిన కారు తోలిన మనిషి వాడు.

బయటికొచ్చి జేబులోంచి కారు తాళంచెవి తీసి గోడ మేకుకు తగిలించాడు.

"తోలను," అన్నాడు.

"నువ్వెప్పుడు విన్నావురా ఇలాంటివి?"

"ఉన్నది నా పేరొక్కటే అయితే ఈపాటికి ఊరు చుట్టి వచ్చేవాణ్ణి. ప్రతినిధి అని రాసి నీ పేరు పెట్టావు. ఎవడైనా పట్టుకుంటే మీ ఆఫీసులో నిన్నడుగుతారు. కష్టపడి చదువుకున్నావు. వద్దు."

మా అన్నయ్య జీవితంలో పాటించిన మొదటి నిబంధన అది. దాన్ని నా కోసం పాటించాడు. నాకు అంతటి అవమానం అంతకుముందు జరగలేదు.

స్వేయా చక్రం మూత తోముతూ అంతా వింది. "పర్లేదు అత్తా," అంది. "బస్సుంది కదా." ఆ తర్వాత కూడా తోముతూనే ఉంది. ఆ "పర్లేదు"ను ఏ కేటగిరీలో పెట్టాలో నియమావళి మొత్తం తిరగేసినా దొరకలేదు.

పదో తారీఖున యోతే క్లబ్బు వాళ్ళను షెడ్డుకు పిలిచాడు. అతనితో కలిపి తొమ్మిది మంది అయ్యారు. అందరికీ జీన్స్ కోట్లు, బొత్తాలు అందని పొట్టలు. యోతే నా దస్త్రం అడిగి తీసుకుని మొదటి ఉత్తరాన్ని వేలుపెట్టి చదివాడు.

"ఇంజిను శక్తితో నడపకూడదు అని ఉంది. తోయకూడదని లేదు. బడి నుంచి ఇల్లు తొమ్మిదివందల మీటర్లు. మనం తొమ్మిది మందిమి. తలకు వంద మీటర్లు."

"తోయడం గురించి స్పష్టంగా లేదు," అన్నాను. "ఒక్కసారి ఫోను చేసి..."

"అడగొద్దు," అన్నారు తొమ్మిది మందీ. రోనీ పదోవాడు.

మర్నాడు ఒంటిగంటకు స్వేయా మెట్లు దిగేసరికి కారు కింద ఉంది. తెల్లవారకముందే అక్కడికి తోసుకొచ్చారట. నాకు చెప్పలేదు. (చెప్పకపోవడం సబబే.) పైకప్పు వెనక్కి మడిచి, చుట్టూ బర్చ్ కొమ్మలు కట్టారు. స్వేయా ఒక్క క్షణం మెట్టు మీద ఆగి, తర్వాత మూడేసి మెట్లు దూకుతూ వచ్చి ఎర్ర సీటెక్కి నిలబడింది. రోనీ స్టీరింగు పట్టుకున్నాడు, తొమ్మిది మందీ వెనక భుజాలు ఆనించారు. తమకోసం వచ్చిన ట్రక్కులెక్కి డబ్బాలు వాయిస్తున్న మిగతా పిల్లలంతా ఆపి చూశారు. ఇంజిను శబ్దం లేకుండా, కొంచెం వెనక్కి వాలి కూర్చున్నట్టు ఆ కారు వీధిలోకి కదిలింది. నిజంగానే అందంగా ఉంది. మధ్యలో చర్చి దగ్గర ఎత్తు వచ్చినప్పుడు లెక్కల మాస్టారు సైకిలు గోడకు ఆనించి ఆయనా ఒక చెయ్యి వేశాడు. రోనీ కళ్ళు తుడుచుకున్నాడు. క్రోమ్ మీద ఎండ పడి మెరిసినందువల్ల అని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నేను వెనకాల దస్త్రం పట్టుకుని నడిచాను. దస్త్రానికి ఒక చెయ్యి చాలింది, రెండో చేతిలో ఫోను ఉంది, బొటనవేలు ఊరుకోలేదు.

ఇంటి దగ్గర గేటులోకి సగం దూరాక తొమ్మిది మందికీ ఊపిరి అయిపోయింది. కారును అలాగే వదిలేసి, ముందే వచ్చి లోపల కార్లు పెట్టుకున్న చుట్టాలతో కలిసి రొయ్యలు పేర్చిన శాండ్‌విచ్ కేకు మీద పడ్డారు. స్వేయా ఇంకా సీటు మీద నిలబడే ఉంది. ఒకరు పాట అందుకున్నారు. రోనీ నా పళ్ళెంలో పెద్దముక్క వేసి, "చూశావా, అడక్కుండా కూడా బతకొచ్చు," అన్నాడు. అవునన్నాను.

అప్పుడే ఫోను మోగింది. మండలి నుంచి, మనిషి చెయ్యి పడకుండా యంత్రం పంపే జవాబు. వాహనాన్ని చేతులతో తోయడంపై నీ ప్రశ్న అందింది. నిర్ణయం వెలువడేదాకా తోయడం, లాగడం, ఎత్తి పక్కన పెట్టడం నిషిద్ధం.

ఆరింటికి చుట్టాలు బయలుదేరారు. గేటులో మెర్క్యురీ, దాని వెనక లోపల పద్నాలుగు కార్లు. రోనీ చొక్కా చేతులు మడిచి అందరినీ పిలిచాడు. నేను కదల్లేదు. వాడు నా వైపు చూశాడు, నా చేతిలోని ఫోను వైపు చూశాడు.

"మరీతా, నువ్వేమైనా అడిగావా?"

నీ ప్రశ్న అందిందని చెప్పాను.